ఇంచు

రాత్రి రెండుంబావుకు ఫోను.
"చెంగల్రాయుడూ, క్రేను తీసుకోని పాతకచేరి కాడికి రా.
లైట్లు ఎయ్యొద్దు."
మామిడికాయల సీజను. చిత్తూరు బైపాసులో
జ్యూసు ఫ్యాక్టరీల ముందర తోతాపురి లారీలు
మైలు పొడుగునా నిద్రపోతా ఉండాయి.
వాటి పక్కన ఒదిగి ఒదిగి పోయినా,
దొంగతనానికి పోతా ఉన్నట్టు.

దొర బొమ్మ చుట్టూ పోలీసులు,
మునిసిపాలిటీ ఏఈ, ఆయన చేతిలో కాయితం.
అందులో ఏముందో నాకెవురూ చదివి వినిపించలా.
బరువెంత సార్ అంటే
"రెండు టన్నులుంటాడు" అన్నాడు,
బతికుండే మనిషిని గురించి చెప్పినట్టు.

బొమ్మ కింద నల్లరాతి పలక.
పేరు అందులో ఉండాది, నా నోటితో చెప్పను.
*ధాత కరువున చెరువు తవ్వించెను.*
*సత్రము కట్టించెను.*
*బాటకిరువైపుల చింతలు నాటించెను.*

ఆరోక్లాసు చదివే నా బిడ్డ సుగుణ
మొన్న వ్యాకరణం గట్టిగా వల్లె వేస్తా ఉండింది:
తవ్వు, తవ్వించు.
కట్టు, కట్టించు.
మోయు, మోయించు.
"నాయినా, వెనకాల ఒక ఇంచు తగిలిస్తే చాలు,
పని ఇంకోళ్ళ మీదికి పోతాది" అనింది.

తవ్వింది మా అవ్వకు అవ్వ.
ఆమె పేరు ఏ రాతి మీదా లేదు, మాకూ తెలీదు.
తట్టకు ఇంతని రాగిపిండి కొలిచి పోసేవాళ్ళంట,
కొలిచే చిట్టి అడుగున మైనం మెత్తి.
కట్ట మీదనే కనిందంట,
మర్నాడు మళ్ళీ తట్టెత్తిందంట.
దొర చేతిలో పొన్నుకర్ర చూసి
ఊతకర్ర అంటారు అందురూ.
మా అవ్వ ఈ దోవన పోయినప్పుడల్లా
ఆ కర్రకు వీపు చూపించకుండా నడిచేది.
ఎందుకని నేను అడగలా.

మా తాతకు మాత్రం దొరస్వామని పేరు పెట్టినారు.
పిలిచేటప్పుడు ఒరే అని పిలిచినారు.

బెల్టులు చంకల కింద ఏసినా,
చంటిబిడ్డని ఎత్తుకునేటప్పుడు చేతులేస్తామే, అట్లా.
అంతలో ఏకాంబరం అయ్యోరు
లుంగీ మీదనే పరిగెత్తుకోనొచ్చినాడు.
"చరిత్రరా చెంగల్రాయుడూ! చెరిపేస్తే మళ్ళీ రాదు."
నిజంగానే ఏడస్తా ఉన్నాడు.
నాకు ఎక్కాలు నేర్పిన మనిషి.
చెరిపేదానికి మా పక్క ఏం రాసుండారయ్యోరా అని
నోటిదాకా వచ్చింది.
లీవరు మీద చెయ్యుండాది,
మాట్లాడితే అదురుతాది.

కింద నుంచి ఏఈ:
"ఒక ఇంచు... రానీ...
ఇంకొక ఇంచు..."

అప్పుడొచ్చింది నాకు నవ్వు.
మీటరు చూస్తే మున్నూట ఎనభై కేజీలు.
మిగిలిన బరువు యాడికి పోయింది?
లోపలంతా డొల్ల.
గాల్లో తిరిగేటప్పుడు మడమ బొక్కలోంచి
ఉడతగూడు పీచు రాలింది, అంతే.

దించింది నేనా, దించించింది వాళ్ళా,
అదీ తేలలా.
ఓవర్‌టైము డబ్బులు ఇంకా రాలా.

ఇప్పుడాయన వాటర్‌ట్యాంకు వెనక షెడ్డులో
దోమలమందు మిషనుకీ పగిలిన వీధిలైట్లకీ నడుమ
ఎల్లికిలా పండుకోనుండాడు.
కర్ర రేకులకప్పును చూపిస్తా ఉండాది.
ఖాళీ దిమ్మె మాకంటే మాకని
నాలుగు సంఘాలు అర్జీలు పెట్టినాయంట.
ఆటోవాళ్ళు మాత్రం ఇప్పటికీ
"దొరబొమ్మ, దొరబొమ్మ, ఒకరే ఒకరు!"

మొన్న పొద్దున దిమ్మె మెట్టు మీద
టమాటాల తట్ట దించుకోని ఒక ముసలామె,
తలకెత్తేదానికి ఎవురన్నా వస్తారేమోనని
దోవ చూస్తా ఉండింది.
బండి ఆపి దిగి, ఒక పక్క పట్టినా.

బరువుగా ఉండింది.